రాగిరేకు మీద కుడి చెయ్యి

మా తమ్ముడు గంగన్నది పుట్టుకతోనే పుర్రచెయ్యి. బువ్వ ముందల పెడితే ఎడమ చెయ్యే పళ్లెంల పెడుతుండె. మమ్మల్ని కన్నతల్లి, మా అవ్వ ముత్తెమ్మ, ఆ చేతిని పాత రైకగుడ్డతోని వాని నడుముకు కట్టి కూసుండబెట్టేది. వాడు ఏడ్చుకుంటనే కుడి చేతితోని తినుడు నేర్చుకున్నడు. గుడ్డ విప్పినంక కూడ ఆ చెయ్యి కొద్దిసేపు నడుముకే అంటుకోని ఉంటుండె, ఇంకా కట్టేసి ఉన్నట్టె. పెద్దగైనంక తినుడు, దండం పెట్టుడు, ఇచ్చుడు, పుచ్చుకునుడు అన్నీ కుడి చేతితోనే. కాని బరువు లేపాలన్నా, రాయి ఇసరాలన్నా ఎడమ చెయ్యే ముందల ఉరుకుతది. దాన్ని ఆపుడు వానికి చేతకాకపోయేది.

మాది బోధన్ దిక్కు ఊరు. మా ఊర్ల హోలీ నాడు రంగులు పొద్దున్నే అయిపోతయి. పొద్దుగూకే యాళ్లకు పిడిగుద్దులాట. అటో గుంజ ఇటో గుంజ పాతి నడుమ లావు తాడు కడతరు. తాడుకు అటుపక్క కొందరు, ఇటుపక్క కొందరు మొగోళ్లు నిలవడతరు. ఎడమ చేతితోని తాడు పట్టుకోవాలె, కుడి చేతి పిడికిలితోని ఎదుటోన్ని గుద్దాలె. తాడు ఇడిస్తే ఆట ఇడిసినట్టు. డప్పు ఆగంగనే గుద్దులు ఆగాలె. అప్పుడు కొట్టినోడు, కొట్టించుకున్నోడు గుండెలకు గుండె ఆనించి అలాయిబలాయి ఇచ్చుకోని, ముందటి రాత్రి కాల్చిన కాముని బూడిద ఒకని దెబ్బలకు ఒకడు రాయాలె. బూడిద రాసినంక ఆ దెబ్బ మాట ఎవ్వరు ఎత్తరాదు. ఆట దెబ్బ ఆటలనే సావాలె అంటరు. పెదవి చినిగినోడు కూడ తెల్లారి అదే మనిషి పక్కన కూసోని కల్లు తాగుతడు.

నా పెండ్లయిన కొత్తల, ఒక హోలీకి తాడుకు అటుపక్క మా ఆయన పరమేశ్, ఇటుపక్క గంగన్న ఎదురుబొదురు పడ్డరు. బావ బామ్మర్దులు ఎదురుపడితే ఊరంతటికి తమాష. ఆడోళ్లం మిద్దెల మీదికెళ్లి చూస్తున్నం. మా ఆయనది జర నోటి దురుసు.

"ఏరా పుర్రోడా, కుడి చెయ్యి లేస్తదా? నీకు చేతనైన చెయ్యి కడుక్కునేటందుకే గదా" అన్నడు.

అందరు నవ్విండ్రు. ఆ నవ్వు ఇంక అయిపోనే లేదు, గంగన్న ఎడమ చెయ్యి తాడు మీద లేదు. ఆ పిడికిలి పోయి మా ఆయన కుడి చెవి మీద పడ్డది.

"తాడు జారింది" అన్నడు గంగన్న. "ఇడిసిండు" అన్నడు మా ఆయన. నేను పైనుంచి చూసిన గాని నాకు తెల్వదు. దుమ్ముల ఏం కనవడ్డది?

చెవులకెళ్లి నెత్తురు కారుతుంటే బండి మీద బోధన్ దవఖానకు తీస్కపోయిండ్రు. మల్లొచ్చేసరికి డప్పు ఆగింది, జనం పోయిండ్రు. గంగన్న కాముని బూడిదను మోదుగాకుల పెట్టుకోని మా గడప ముందల కూసున్నడు. మా ఆయన వాన్ని దాటుకోని లోపటికి పోయిండు. పోతపోత ఒక్కటే మాట అన్నడు.

"తాడు ఇడిసినోనికి బూడిద లేదు."

గంగన్న ఆ బూడిదను పారబొయ్యలే. ఖాళీ మందు డబ్బల పోసి మూత బిగించిండు.

మా ఆయనకు ఆ చెవు మల్ల వినపడలే. ఆ సంగతి ఎవ్వరికి చెప్పలే. ఆట దెబ్బను బయట చెప్పుకునుడు మొగోనికి సిగ్గు. కొద్దిరోజులకు నాకే అర్థమైంది, ఆ పక్కకెళ్లి పిలిస్తే పలకకపోయేది. అప్పటిసంది ఏమన్న చెప్పాలంటే ఎడమ పక్కకు తిరిగిపోయి చెప్తున్న. కొట్టినోనికి ఎట్లయినా తెలిసే ఉంటది అనుకున్న.

మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటరు. మా ఆయన పోయింది బహ్రెయిన్. సల్మాబాదుల బొమ్మలకు, ఫోటోలకు చట్రాలు కట్టే ఖార్ఖానల వడ్లపని. మంచి పనోడని అర్బాబు, అంటే ఆ ఖార్ఖాన యజమాని, నాకు కూడ వీసా తీసిండు. దాని పక్కనే తుబ్లి అనే ఊర్ల చిన్న ఇల్లు. నేను వండి క్యారియర్లు కట్టి పంపుతుంట. ఇగ ఊర్ల అవ్వ ఫోన్ చేసినప్పుడల్ల గంగన్న ముచ్చటే: "వాన్ని కూడ ఆడికి గుంజుకోండ్రి బిడ్డా. ఈడ బాయి ఎండిపోయింది, వాడు గూడ ఎండిపోతున్నడు."

మా ఆయన కాదనలే. "పని ఇప్పిస్త. మాట ఇయ్య" అన్నడు. అన్నట్టే చేసిండు.

గంగన్న వచ్చిన మొదటి శుక్రారం మా ఇంట్ల బువ్వ తినుకుంట ఎయిర్‌పోర్టు ముచ్చట చెప్పిండు. సామాన్ల బూడిద డబ్బ కనవడితే ఆపిండ్రంట.

"యే క్యా హై అన్నడు అక్కా. బూడిద సార్ అన్న. దవా అన్నడు. దవానే అనుకో సార్, దెబ్బకు రాసేది అన్న. మూత తీసి వాసన చూసి, తుమ్మి, నా చేతిల పెట్టిండు."

నాకు నవ్వొచ్చింది. మా ఆయన టీవీ సప్పుడు పెంచిండు.

ఖార్ఖానల గంగన్నది అద్దాలు కోసే పని. మా ఆయన కట్టె కోసే బల్లకు కుడిపక్కనే వాని బల్ల. అద్దం మీద కోత గీత గీసేటప్పుడు ఎవ్వరు చెయ్యి కట్టెయ్యలే, ఎడమ చేతితోనే గీస్తుండె. అర్బాబుకు గీత సక్కగుంటే చాలు, ఏ చెయ్యైతే ఏంది. ఆ ఇద్దరు రోజంత ఒక బల్ల పక్కన ఒక బల్ల కాడ నిలవడి మాట్లాడుకోకపోయేది. వ్యాను నడిపే పేరయ్యన్నది కాకినాడ దిక్కు. క్యారియర్లు తీస్కపోను వచ్చినప్పుడల్ల నవ్విపిచ్చి పోయేటోడు.

"మీ ఆయనకీ మీ తమ్ముడికీ మధ్యలో నన్ను దుబాసీగా పెట్టేశారు చెల్లెమ్మా. ఆయ్, ఇద్దరిదీ తెలుగే. అద్దం ఇటియ్యమను పేరయ్యా అంటాడు ఈయన. ఇచ్చిన అని చెప్పు పేరయ్యన్నా అంటాడు ఆయన. అద్దం చూస్తే ఇద్దరి మధ్యలోనే ఉంటాది."

సంవత్సరాలు గట్లనే పోయినయి. గంగన్న ఉండేది పనోళ్ల క్యాంపుల, ప్రతి శుక్రారం మా ఇంటికి వచ్చి తిని పోతుండె. మా ఆయన ఆ యాళ్లకు లోపలి గదిల ఉంటుండె. పెండ్లి చేసుకోరా అంటే, "బావ మాట్లాడినంక. పెండ్లిల బావ చెయ్యవలసిన పనులు బావనే చెయ్యాలె గదా" అని చెప్పి తప్పించుకునేది. నవ్వుతనే అంటుండె గాని, చెయ్యి కడుక్కుంట ఆ మూసిన తలుపు దిక్కు చూడకుంట ఒక్కసారి కూడ పోలే. వానికి ఇంకేం కోరిక లేకుండె. ఆ డబ్బ మూత తియ్యాలె. ఆ బూడిద బావ చెవుకు రాయాలె. గంతే.

ఈ యేడు చలి ఇంక పోకముందే, చమురు కంపెనీ ఇండ్లుండే అవాలి నుంచి ఒక ముసలి మేడం ఖార్ఖానకు వచ్చిందంట. వాళ్లది ఫ్రాన్స్ దేశం. ఆమె భర్త చమురు కంపెనీల చేసి చచ్చిపోయిండు. ఆమె ఇల్లు ఖాళీ చేసి పోతున్నది. గోడలకున్న పాత బొమ్మలకు ఈడి ఉప్పుగాలికి మచ్చలు పడ్డయి, చట్రాలు మార్చమని తెచ్చింది. మూడు వందల ఏండ్లు దాటిన బొమ్మలంట. రంగులు లేవు, నల్ల గీతలే. పరుగు పందెం ఒకటి, కుస్తీ ఒకటి, ఈటె ఇసురుడు ఒకటి. ఇంకొకటి గుద్దులాట.

గంగన్న దాని ఫోటో తీసుకోని శుక్రారం నాకు చూపించిండు. రెండు వేళ్లతోని పెద్దగ చేసి చూపిస్తుంటే నేను పొయ్యి మంట తగ్గించి చూసిన. ఇద్దరు మొగోళ్లు, ఒంటి మీద బట్టల్లేవు, కండలు తాళ్ల లెక్క. చేతులకు తోలు వారులు చుట్టుకున్నరు. ఒకని పిడికిలి లేసి ఉన్నది, ఎదుటోడు మొఖం పక్కకు తిప్పుకున్నడు. ఇంక దెబ్బ పడలే, పడబోతున్నది. ఎనుక జనం నోర్లు తెరుసుకోని చూస్తున్నరు. దగ్గరికి పెట్టి చూస్తే మనుషులు లేరు, సన్నసన్న గీతలే, దువ్వెనతోని గీకినట్టు.

"చూసినవా, వీని చేతికి గూడ వాళ్లవ్వ గుడ్డ కట్టింది" అన్నడు గంగన్న.

"సిగ్గులేనోళ్లు, బట్టల్లేకుంట కొట్టుకునుడేందిరా?"

"పాతకాలం రోము దేశపు ఆటంట అక్కా. ఆ దేశపోళ్లు చెక్కిన రాతిబొమ్మలను చూసి ఈ ఫ్రాన్సోళ్లు గీసుకున్నరంట. గీసినోడు గుద్దులాట చూసిండో లేదో. నేను మన ఆట అనుకున్న. తాడేది, తాడు అట్ట కింద దాక్కున్నదా అని మేడం ముందలనే అడిగిన. పేరయ్యన్న నవ్వుడే నవ్వుడు."

"ఏమన్నడు?"

"'తాడుండటానికి ఇదేమన్నా మీ ఊరి నుయ్యా గంగన్నా, చేద వేస్తావా' అన్నడు. అట్ల కాదన్నా, చూడు, ఈ మనిషి ఎడమ చేతితోని గుద్దుతున్నడు, అంటే తాడు ఇడిసిండు, ఇది ఆట కాదు కొట్లాట అన్న. అప్పుడు మేడం, ఏమంటున్నడు అని అర్బాబును అడిగింది. అర్బాబు చెప్పిండు. ఆమె నా దిక్కు చూసి, లేదు లేదని చెయ్యి ఊపింది."

ఆడ ఆగిండు. నేను చూసిన ఇన్నేండ్లల వాని మొఖం గట్ల ఎన్నడు లేదు.

"ఈ బొమ్మను ముందల రాగిరేకు మీద సూదిమొనతోని చెక్కుతరంట. గీతలల్ల సిరా నింపి, తడి కాయితం పెట్టి ఒత్తుతరంట. ఒత్తితే రేకు మీద ఉన్నది కాయితం మీదికి ఉల్టా వస్తదంట. తాంబే పే సీధా, కాగజ్ పే ఉల్టా అని అర్బాబు చెప్పిండు. అంటే రేకు మీద ఈ మనిషిది కుడి చెయ్యే అక్కా. గీసినోడు కుడి చెయ్యే గీసిండు. ఒత్తుడుల ఎడమ అయింది."

"అయితే ఏందిరా?"

"నన్ను గూడ ఒత్తిండ్రు గదా. ఆ నాడు తాడు కాడ జనం ఎనుకకెళ్లి నెట్టిండ్రు. నా మనసుల ఉన్నది కుడి చెయ్యే. బయటికి వచ్చేసరికి ఎడమ అయింది. ఇంతకంటే మంచిగ నాకు చెప్పరాదు. గిది బావకు చెప్త. ఈ హోలీకి అడుగుత."

ఇంకో మాట కూడ చెప్పిండు. అలాయిబలాయి ఇచ్చుకున్న బొమ్మ ఏదని మేడంను అడిగిండంట. అది లేదు, ఆటకు ఒకటే కాయితం అన్నదంట. పాత చట్రం విప్పినప్పుడు ఎనుక దాగి ఉంటదేమోనని అట్టలన్నీ లేపి చూసిండంట. పురుగు తిన్న అట్టలే ఉన్నయంట.

"కొట్టుకునుడు గీసి కలుసుకునుడు గీయకపోతే సగం బొమ్మే గదక్కా" అన్నడు.

"బావకు మొఖం చూసి మంచిగ చెప్పు" అన్న నేను.

"మొఖం చూస్తే నాకు మాట రాదు. పని చేస్తుంటే పక్కకెళ్లి చెప్త."

నేను చపాతి పిండి పిసుకుతున్న. ఆ మాట నా చెవుల పడ్డది గాని లోపటికి పోలే.

వారం నడుమ, హోలీ నాడే, ఫోన్ చేసిండు. మధ్యాహ్నం, ఖార్ఖాన ఎనుక నిలవడి మాట్లాడుతున్నట్టున్నడు, లారీల సప్పుడు వస్తున్నది.

"అడిగిన అక్కా."

"ఏమన్నడు?"

"ఏమనలే. పక్కన నిలవడి మొత్తం చెప్పిన. రాగిరేకు, కాయితం, ఒత్తుడు, అంతా చెప్పిన. బావా, బూడిద తేవాల్నా అని గూడ అడిగిన. కట్టెకు ఉప్పుకాయితం పెడుతున్నడు, ఆ చెయ్యి ఆగలే. తల తిప్పలే. చెవిటోని ముందల శంఖం ఊదినట్టయింది. ఇడిసిపెట్టు, ఇగ అడగ."

ఊరందరు అనే సామెతనే అన్నడు. వానికి ఊరికె నోటికి వచ్చింది. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. వీనికి తెల్వదు. ఇన్నేండ్లు కుడిపక్క బల్ల కాడ నిలవడి వీడు ఎన్ని మాటలన్నడో, ఎన్ని గొణిగిండో, పలకకపోతే కోపమని అనుకున్నడు.

"గంగన్నా, శుక్రారం జల్ది రా. నీకొక ముచ్చట చెప్త" అన్న.

"ఏం ముచ్చట?"

"ఫోన్ల చెప్పేది కాదు. రా."

"రాను తియ్ అక్కా. ఆ తలుపు చూసుకుంట తిన."

"నువ్వు రా" అన్న. "సరే" అన్నడు.

ఆ పొద్దుగూకినంక మా ఆయన వస్తే చాయ్ ఇచ్చి, ఎడమ పక్కకు పోయి కూసున్న. గంగన్న నిన్నేమన్న అడిగిండా అన్న.

"ఎవడు? ఎప్పుడు?"

"ఉప్పుకాయితం పెడుతుంటే. నీ కుడిపక్క నిలవడి."

గ్లాసు కింద పెట్టిండు. నేను రాగిరేకు సంగతంత చెప్పిన, నాకు అర్థమైన కాడికి. ఆయన తన కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ముందల పెట్టుకోని చూసుకున్నడు.

"పుర్రోడు. యాడయాడివి తెస్తడు" అన్నడు. మూతి జర నవ్వినట్టయింది. "నాకు వినపడదని వానికి తెల్వదా?"

"నువ్వు చెప్పినవా?"

"కొట్టింది వాడు గదా."

నేను గూడ గట్లనే అనుకున్న. ఆయన లేసి లోపటికి పోతపోత, మొఖం గోడకు పెట్టి అన్నడు: "శుక్రారం వస్తడు గదా. ఆ డబ్బ తెచ్చుకొమ్మను."

శుక్రారం నేను కోడికూర వండిన. వానికి ఇష్టమని సర్వపిండి కూడ పెట్టిన. మా ఆయన లోపలి గది తలుపు తెరిచే ఉంచి బయట కూసున్నడు. మధ్యాహ్నం దాటింది. ఫోన్ చేస్తే మోగుతున్నది, ఎత్తుతలేడు. "అలిగిండు, వస్తడు" అన్నడు మా ఆయన.

పేరయ్యన్న వచ్చిండు. చెప్పులు ఇడిసి గడప లోపటికి రాకుంట నిలవడ్డడు. నవ్విపిచ్చే మనిషి నవ్వలే.

"చెల్లెమ్మా, కూర్చోండి ముందు" అన్నడు. "సెలవు రోజు కదా, నిద్రపోతున్నాడు పోనీలే అని క్యాంపులో ఎవరూ లేపలేదు. భోజనాలకి పిలిస్తే లేవలేదు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు."

దవఖానోళ్లు గుండె అని రాసిండ్రు. వానికి నలభై దాటినయో లేదో. అద్దాల బండలు ఒక్కడే లేపుతుండె. ఎప్పుడన్న ఎడమ చెయ్యి గుంజుతున్నది అన్నడు. ఆ చేతితోని అంత పని చేస్తవు గుంజదా అన్న నేను. అందరం ఆ చేతినే అన్నం.

వాన్ని పెట్టెల పెట్టి ఊరికి పంపేముందు దవఖానల చూడనిచ్చిండ్రు. నేను, మా ఆయన, పేరయ్యన్న పోయినం. క్యాంపు నుంచి తెచ్చిన వాని సామాన్ల ఆ మందు డబ్బ ఉండె, బట్టల నడుమ, మూతకు దారం చుట్టి. మా ఆయన దాన్ని జేబుల పెట్టుకున్నడు.

గది చల్లగున్నది. నేను వాని మొఖం చూసిన, నొసలు ముట్టిన. ఇగ నిలవడలేక తలుపు కాడికి వచ్చిన. ఆడికెళ్లి చూస్తున్న. మా ఆయన గుడ్డ జర జరిపి ఎడమ చెయ్యి బయటికి తీసిండు. డబ్బ మూత తీసి బూడిద ఆ వేళ్లకు పూసిండు. తన చెవు కాడికి ఆ చెయ్యి లేపబోయిండు. అది లేవలే. కట్టేసినట్టు ఒంటికే అంటుకోని ఉన్నది. జబర్దస్తి చెయ్యలేదు ఆయన. తనే వంగిండు. తల వంచి, కుడి చెవు తీస్కపోయి ఆ వేళ్లకు ఆనించిండు. అట్లనే వాని మీద రెండు చేతులు ఏసి ఉండిపోయిండు. కాపలాయన ఇగ చాలన్నట్టు ఖలాస్ భాయ్, ఖలాస్ అంటున్నడు. కుడిపక్కకెళ్లి అంటున్నడు. పేరయ్యన్న పోయి భుజం తట్టేదాక లేవలే.

ఇంటికి వచ్చినంక సావు చూసి వచ్చినోళ్లం గదా, స్నానం చెయ్యకుంట లోపటికి పోరాదు. తలుపు పక్కనే స్నానాల గది. మా ఆయన పీట మీద కూసున్నడు. నేనే చెంబుతోని నెత్తి మీద నీళ్లు పోసిన. ఆయన కుడి చెవు మీద అరచెయ్యి గట్టిగ ఒత్తి పట్టుకున్నడు, నీళ్లు పడకుంట.

చెయ్యి తియ్యమని నేను అనలే. ఆ పక్క వదిలిపెట్టి మిగతా ఒంటికి పోసిన.